మూడు నిమిషాలు

గోడ నిండా పసుపు చీటీలు.
చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి.
కిటికీ తెరిస్తే చాలు, ఫియోర్డ్ గాలికి
అయిపోయినవి కూడా మళ్ళీ మొదటికొస్తాయి.

రాగ్న్‌హిల్డ్ రోజూ పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి అడుగుతుంది:
నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, ఏమడ్డొస్తోంది?
నిలబడితే మాటలు పొట్టివవుతాయని ఆమె నమ్మకం.
ఐవిండ్ నిలబడి కూడా చాంతాడంత చెబుతాడు.

నార్వే పడమటి తీరం,
పన్నెండు రేవులు, ఒక టైమ్‌టేబుల్. అదీ ప్రాజెక్టు.
ఆరు నెలలన్నాం. పద్నాలుగోది నడుస్తోంది.
రిస్కుల పట్టికలో నలభై వరుసలు:
సర్వర్ పడిపోవడం, మంచు, బడ్జెట్,
నేను మానేయడం.

ఆఖరి వారం రేవుకెళ్ళాం, పరీక్షకి.
ముప్పై ఏళ్ళుగా గేటు గొలుసు తీసి వేస్తున్న హాల్వర్
తెర చూశాడు, బాగుందన్నాడు,
"కొండ మలుపులో కారు లైట్లు కనిపిస్తే
మూడు నిమిషాలు పడవని ఆపుతాను.
దానికెక్కడ నొక్కాలి?"

ఎవరి లైట్లు?
"ఎవరివో. ఓసారి కాన్పుకెళ్ళే నర్సువి.
ఓసారి ఉట్టినే, దారి తప్పినవాడివి."

మా నూట పన్నెండు పేజీల అవసరాల పత్రంలో
కొండ లేదు. మలుపు లేదు.
మేం అడిగినవాళ్ళంతా కుర్చీలున్నవాళ్ళు.

రాగ్న్‌హిల్డ్ చాలాసేపు నీళ్ళకేసి చూసింది.
జేబులోంచి ఓ చీటీ తీసి,
మోకాలి మీద పెట్టి, "ఆగడం" అని రాసింది.
ఎన్నాళ్ళు పడుతుంది, అడిగింది.

ఐవిండ్ నోరు తెరిచాడు, మూశాడు.
"తెలియదు" అన్నాడు.
పద్నాలుగు నెలల్లో మేం వేసిన లెక్కల్లోకెల్లా
నిజమైంది అదే.

హాల్వర్ గొలుసు చేత్తో పట్టుకుని
మలుపుకేసే చూస్తున్నాడు.