చెంచా వీపు

నేను రాళ్ళు మోసేవాణ్ణి.
కళ గురించి నన్నడగొద్దు.
ఏడాదికి రెండుసార్లు గనిలోంచి డోలమైట్ దిమ్మలు
ట్రాక్టర్ మీద తెచ్చి మైము గారింటి ముందు దించుతాను,
కాఫీ తాగుతాను, వచ్చేస్తాను. అంతే.

సారెమా దీవిలో ఆ ఒడ్డున
పడమటి గాలికి మొహమిచ్చి నిలబడింది ఆమె షెడ్డొక్కటే.
లోపల సిరా వాసన, జునిపర్ కర్ర వాసన,
ఎండిన సముద్రపు నాచు, ఒక హంస రెక్క,
మేక్కి వేలాడే పైక్ చేప దవడ.

లినోలియం ముక్క మీద ఆమె చెక్కుతుంటే
పొట్టు వంకీలు తిరిగి ఒళ్ళో పడుతుంది.
"తీసేసింది తెల్లగా ఉంటుంది, వదిలేసింది నల్లగా పడుతుంది.
అందుకే నేను బాతుని చెక్కను,
బాతు చుట్టూ ఉన్న చలిని చెక్కుతాను" అంది ఓసారి.
అర్థమైనట్టు తలూపాను.
కాలేదు.

ప్రెస్సు లేదు. ఉన్నదాన్ని ఏదో అప్పుకింద అమ్మేసింది.
రోలర్‌తో సిరా పూసి, కాగితం పరిచి
చెంచా వీపుతో రుద్దుతుంది.
వాళ్ళమ్మ గంజి కలిపిన చెంచా అది,
ఒక పక్క అరిగి అరిగి నెలవంకయింది.
రుద్ది రుద్ది, కాగితం మూల కొంచెం ఎత్తి చూస్తుంది,
నిద్రపోయే పిల్లాడి దుప్పటి ఎత్తినట్టు.
మళ్ళీ కప్పుతుంది. మళ్ళీ రుద్దుతుంది.

అచ్చులో అన్నీ తిరగబడతాయి.
ఉత్తరానికి ఎగిరే బాతులు దక్షిణానికి పోతాయి.
తొలి రోజుల్లో సంతకం కూడా చెక్కేసేదట,
కొన్నవాళ్ళు అద్దం ముందు పెట్టి ఆమె పేరు చదువుకునేవాళ్ళట.
చెప్పి నవ్వింది. ముందు పంటి మీద సిరా.

ఆ ఏడు రేవు ఆఫీసు వాళ్ళు సీల్ బొమ్మ అడిగారు.
పడవ దిగినవాళ్ళు పక్కన నిలబడి ఫొటో తీసుకోవాలి,
మనిషంత ఉండాలన్నారు. బయానా ఇచ్చారు.
షెడ్డు కారుతోంది, ఆ డబ్బుకి కొత్త రేకులొస్తాయి.
మంచి దిమ్మ ఏరి నేనే తెచ్చాను.
మూడు వారాలకి మెడ వచ్చింది, వీపు వచ్చింది.
నాలుగో వారం, పక్కటెముకల దగ్గర
ఉలి దెబ్బకి ఒక పెచ్చు ఊడింది.

ఫోన్ చేసింది:
"తార్మో, నువ్వు తెచ్చిన రాయిలో ఎవరో ఉన్నారు."

వెళ్ళి చూశాను. తేనెపట్టులా గదులు గదులుగా
అరచేతంత పగడం.
ఈ దీవి దీవి కాకముందు ఇక్కడ వెచ్చని సముద్రం ఉండేదని
బళ్ళో చెప్పారు, నేను కిటికీలోంచి చూస్తూ విన్నాను.
"రెండంగుళాలు లోపలికి చెక్కేయండి,
సీల్ కొంచెం చిక్కుతుంది, అంతేగా" అన్నాను.
రాళ్ళు మోసేవాడి సలహా.

జవాబు చెప్పకుండా రోలర్ తీసింది.
పగడం మీద పల్చగా సిరా. కాగితం. చెంచా.
కీళ్ళు వాచి పూర్తిగా మూసుకోని వేళ్ళతో
ఎంతసేపు రుద్దిందో, బయట వాన వచ్చి వెళ్ళిపోయింది.
మూల ఎత్తింది.
ఈసారి మళ్ళీ కప్పలేదు.

"ఇది నా పని కాదు" అంది.
"మొదటి అచ్చు బురద తీసుకుంది."

బయానా తిరిగిచ్చేసింది.
రేవు వాళ్ళు ఫైబర్ సీల్ తెప్పించారు,
పిల్లలెక్కి ఎక్కి దాని ముక్కు రంగు పోయింది.
ఈ సగం సీల్ షెడ్డు బయటే ఉంది.
తల ఉంది, వీపు ఉంది, పక్కలో సముద్రం తెరుచుకుని ఉంది.
మంచు కురిస్తే ముందు ఆ గదుల్లోనే నిండుతుంది.

రేకులు నేనే వేశాను, మా పశువుల కొట్టానివి, పాతవి.
కూలి తీసుకోనంటే ఆ కాగితం చుట్టి చేతిలో పెట్టింది.
ఇన్ని అచ్చుల్లో ఇది ఎన్నోదో కింద పెన్సిల్‌తో రాస్తారు కదా,
దీని మీద రెండింట్లో రెండోది అని ఉంది.
సంతకం లేదు.

పొయ్యి పైన తగిలించాను. మా ఆవిడ కప్పగుడ్లంటుంది.
ఇప్పుడు గనిలో ప్రతి రాయినీ ఎత్తేముందు
నీళ్ళు చల్లి, తడిసిన చోట వంగి చూస్తున్నాను.
లోడు ఆలస్యమవుతోందని
మేస్త్రీ రోజూ తిడుతున్నాడు.