పదిహేడో డిస్కు

గాలిమరల కొండ దిగి
తాడిపత్రి షెడ్డుకొచ్చింది ట్రాన్స్‌ఫార్మరు,
లారీ మీద ఒక్కతే, గొలుసులతో.
నూనె తోడేసి మూత లేపితే
మాడిన కాగితం వాసన, అడుగున ఆముదం లాంటిదేదో.

నా చేతిలో ఫారం.
కారణం అనే గడిలో నాలుగు మాటలు:
పిడుగు, అధిక లోడు, నూనె కారుట, ఇతరములు.
మూడేళ్లుగా నేను పిడుగుకే టిక్కు పెడుతున్నా.
పిడుగు వచ్చి ఎదురు చెప్పదు కదా.

దస్తగిరి కాయిలు పక్కన గొంతుక్కూర్చుని
పైనుంచి ఒక్కో డిస్కూ వేలితో జరిపినాడు
తస్బీ పూసలు జరిపినట్టు.
"పిడుగైతే వాకిట్లోనే కొడ్తాది మేడమ్,
మొదటి రెండు డిస్కుల్లో.
ఇది సూడండి, నట్టింట్లో."

పదిహేడోది.
కాగితం పొరల్లో జొన్నగింజంత బొక్క,
దాని అంచున కరిగి పూసకట్టిన రాగి.
పైవీ కిందివీ మాత్రం
కొత్త బెల్లం రంగులో, ఏమీ ఎరగనట్టు.

కొండకి ఫోన్ చేశా.
ఆ రాత్రి మబ్బు లేదు.
అరెస్టరు కౌంటరు పోయిన నెల అంకె మీదే ఉంది.
లాగ్‌బుక్కులో ఒకటే వాక్యం:
రెండుంబావుకి బ్రేకరు వేశారు, తీశారు, మళ్లీ వేశారు.
కేబులు పొడవెంత అనడిగితే
"ఉన్నంత ఏసినాం" అన్నాడు.

ఆ ఉన్నంతలోనే
అల ఒకటి ఈ చివరికీ ఆ చివరికీ కొట్టుకుని
ఒక లెక్క పట్టుకుంది.
వాకిట్లో కాపలా ఉన్న అరెస్టరుకి
అది మనిషి అడుగంత కూడా వినపడలేదు.

బాగున్న పక్క ఫేజు మీద
పది వోల్టులు పెట్టి నాబు తిప్పాను.
గీత నేల మీద పాకుతోంది, పాకుతోంది,
ఒక్కచోట దిగ్గున లేచింది.
లోపల నలభై.
నాబు వెంట్రుకవాసి జరిపితే మళ్లీ నేల.

దస్తగిరి నవ్వలేదు.
"మా ఇల్లు రైలుకట్ట కింద.
గూడ్సు పోతే గోడ పెచ్చులు రాల్తాయి,
గూట్లో గ్లాసులు పలకవు.
రజాక్ బండల లారీ, వంక కాడ రెండో గేరేస్తాడే,
అప్పుడు ఒకటే గ్లాసు,
మా అత్త పేరు చెక్కింది, జిల్లుమంటాది.
పక్క గ్లాసుకి తెలీనే తెలీదు."

ఇతరములు ఎదురుగా రెండు వేళ్లంత జాగా.
17 అని రాసి సంతకం చేశా.

మర్నాడు అనంతపురం నుంచి ఫోను:
"పదిహేడేంటమ్మా? పదిహేడు పిడుగులా?"
జవాబు నాలిక మీదే ఉంది, మొదలెక్కడో దొరకలేదు.
లోపల దస్తగిరి కొత్త కాగితం చుడుతున్నాడు,
చుట్టుచుట్టుకీ బొటనవేలితో ఒత్తి,
చెవి దగ్గర పెట్టుకుని.
బయట వంక కాడ
ఏదో లారీ గేరు మార్చింది.

"హలో," అంటున్నాడాయన, "లైన్లో ఉన్నావా?"