పదకొండో మేకు

లిఫ్టు ఆగి నలభై మూడు రోజులు.
"పార్టు చెన్నై నుంచి రావాలండి" అంటాడు మేనేజరు.
పోర్టులో ముప్పై ఏళ్లు తూకం గుమాస్తాని నేను.
సరుకు ఎక్కడిదాకా వచ్చిందో
చెప్పేవాడి మొహంలో చదవగలను.
ఇది ఇంకా బయల్దేరనే లేదు.

ఎండాడ గాలి ఉప్పుగాలి.
గ్రిల్లుని తింటుంది, తాళాన్ని తింటుంది,
ఇప్పుడు మా పెన్షన్లనీ.
నెలకి రెండు వేల ఎనిమిది వందలు పెంచి
కారణం రాశారు: సముద్ర సామీప్యం.
చేరిన రోజు ఆ మాటకే
వేరే ధర కట్టి ఉన్నాం.

భాస్కరం మాస్టారు పోయి ఏడు నెలలు.
డిపాజిట్ అడగడానికొచ్చిన చెల్లెలి చేతిలో
చిట్టా పెట్టారు:
గోడకి మేకులు పదకొండు, ఒక్కోటి తొమ్మిది వందలు.
నేను వెళ్లి లెక్కపెట్టాను.
పదే.
పదకొండోది నేను చూస్తుండగానే
ట్యూబులైటు వెనక్కి పాకింది.

చివరికి ఇరువైపులా ఒప్పుకున్న మనిషి,
లేబరాఫీసులో రిటైరైన జెస్సీ రత్నం గారు.
కంపెనీవాళ్లు కింద ఏసీ హాల్లో కుర్చీలు వేసి
జీడిపప్పు పెట్టించారు.
ఆవిడ కూర్చోలేదు.
"ఫిర్యాదులో మొదటి సంతకం ఎవరిది?"
"సరిపల్లి వైకుంఠమ్మది. నాలుగో అంతస్తు. మోకాళ్లు."
"అయితే మనమే వెళ్దాం."

ఎనభై నాలుగు మెట్లు.
రెండో మలుపులో డైరెక్టరు గారు కోటు విప్పారు.
మూడో మలుపులో మాటలు మానేశారు.
ఆయనా నేనూ పట్టుకున్నది ఒకే కమ్మీ;
పైకెళ్లాక చూసుకుంటే
ఇద్దరి అరచేతులకీ తుప్పు.

వైకుంఠమ్మ మంచినీళ్లిచ్చింది.
కాసేపు ఎవరికీ ఊపిరి చాల్లేదు.
కిటికీ అవతల మూడు ఓడలు
బెర్తు కోసం లంగరేసుకుని ఉన్నాయి.
"నాకేటీ కోపం లేదు బాబూ" అంది.
"కిందికి దిగి నా కరేపాకు మొక్కకి
నేను నీల్లోసుకోవాల. అంతే."

రాయడానికి రెండు గంటలు పట్టింది.
లిఫ్టు పన్నెండు రోజుల్లో, లేదంటే ఆ నెల సగమే కడతాం.
పెంపు సంగతి, ఖర్చుల పుస్తకం చూపించాక.
డిపాజిట్ నెలాఖరుకి.
మేకుల పద్దు కొట్టేసే చోట డైరెక్టరు పెన్ను ఆగింది.
"డబ్బు కాదండి, పద్ధతి."
"నాకూ పద్ధతే" అంది మాస్టారి చెల్లెలు.
ఆ గీత ఖాళీగానే ఉంది.
గురువారం మళ్లీ కూర్చోవాలి.

లిఫ్టు పదమూడో రోజున కదిలింది.
ఒక రోజు ఆలస్యం. రాసి పెట్టాను.
వైకుంఠమ్మ చెంబు పట్టుకుని దిగింది.
తలుపులు తెరుచుకున్నా
లోపలే నిలబడింది కొంతసేపు,
బయట ఉన్నది నేలేనా అని
చెప్పు కొసతో తడుముతూ.