పది రూపాయల లోపు

ఓదెలు దుకాణంల గల్లాపెట్టె పక్కన
సుత్లితోని కట్టిన చిత్తుకాయితాల కట్ట ఉంటది.
పెన్ను కొనేటోళ్ళు దాని మీద గీకి సూడాలె.
నేను వారానికి రెండుసార్లు గీకుత.

నాకు కావల్సింది పెద్దదేం గాదు.
పది రూపాయల లోపు ఉండాలె.
మే నెల ఎండకు సంచిల కక్కొద్దు.
ముసురుకు మెత్తబడ్డ కాయితం మీద
ఊట లెక్క పారొద్దు.
కార్బన్ కింద మూడో కాపీ దాక దిగాలె.
ఎవలన్న అడిగి తీస్కపోయి
మళ్ళ ఇయ్యకున్నా
కడుపు మండొద్దు.

సిరోంచ తహసీల్ ఆఫీసు ముంగట
రేకుల కింద నా బల్ల.
సాత్‌బారాల పేరు తప్పువడ్డోళ్ళు,
ప్రాణహిత ఎక్కొచ్చి పత్తిచేను పోయినోళ్ళు
వరుసగ కూసుంటరు.
అందరు తెలుగుల చెప్పుకుంటరు.
నేను మరాఠీల రాస్త.
కోడలు బుక్కెడు పెడ్తలేదని
అర్ధగంట చెప్పింది ఆత్రం ముత్తక్క.
నేను ‘నిరాధార్’ అని ఒక్క మాట రాసి
దాని నెత్తిన గీత గుంజిన.

మూడు రూపాయలది ఆ గీతకు మంచిగనే జారుతది,
వంపు తిప్పితెనే కత.
ఉత్త గాడి పడ్తది, సిరా రాదు.
ఐదు రూపాయల జెల్లు
మొదటిరోజు పెండ్లిపిల్ల,
మూడోరోజుకు ముక్కు కారుతది.

ఏడు రూపాయలది ఒకటి దొరికింది పోయిన చలికాలం.
చెయ్యి ముందా, పెన్ను ముందా అన్నట్టు ఉరికేది.
పదకొండు కొన్న.
ఆ తర్వాత కంపెనీ బందు వెట్టింది.
ఆఖరుది తలాఠి సంతకానికని అడిగి
జేబుల చెక్కుకున్నడు.
ఊరోళ్ళ పెన్ను మీద అర్జు రాసియ్యచ్చు,
నా పెన్నుకు ఎవలు రాయాలె?

‘ఆలాపల్లి బస్సుల కొత్త డబ్బా అచ్చింది అక్కా’ అంటడు ఓదెలు.
మళ్ళ పోత.

కట్ట మీద పోరగాండ్లు పేర్లు రాస్తరు.
ఫారెస్టు గార్డు ఊకనే
ఏడెనిమిది సంతకాలు చేస్తడు.
నేను తెలుగు రాస్త.
పెన్ను గుణం బయటపడేది ఆడనే:
ణ సుట్టు తిరిగి రావాలె,
ళ్ళ కాడ ఊపిరి ఆగొద్దు.

మొదట్ల అక్షరాలే రాసేది.
తర్వాత మాటలైనయి.
మా అవ్వ అరుగు మీద బొగ్గుతోని దిద్దిచ్చింది,
బడిల ఎన్నడు రాయలె.
ఇంట్ల ఎవలకు చీటి రాసే పని వడలె.
లెక్క తీస్తే
నేను తెలుగు రాసేది
ఈ భూమ్మీద గీ చిత్తుకాయితం మీదనే.

పోయిన మంగళారం ఇట్ల రాసిన:
‘మబ్బు పట్టింది. వడ్లింక కళ్ళంలనే ఉన్నయి.’
పెన్ను నచ్చలె. ఇచ్చేసిన.

ఇయ్యాల సూస్తే దాని కింద
ఆకుపచ్చ సిరాతోని, వంకర టింకర తెలుగుల:
‘మాయి గూడ. పట్టా కప్పినం.’

‘ఎవలు రాసిండ్రు ఓదెలూ?’
‘నాకేమెరుక, నాకు తెలుగు మాట్లాడుడే అస్తది.
దినాం యాభైమంది గీకుతరు.’
‘పచ్చది ఎంత?’
‘ఎనిమిది. ఎవలు కొనరు,
అర్జుకు చెల్లది.’

మూత తీసి రాసిన:
‘గాలి లేస్తది. పట్టా మూలలకు రాళ్ళు పెట్టుండ్రి.’

ళ్ళ కాడ ఆగలె.
ట్ట వత్తు నిండుగ పడ్డది.
సిరా మరకైనా కాలె.

‘బాగుందా అక్కా?’

‘కొంచెం గరుకున్నది.
శుక్కురారం అస్త,
ఇంకోటి సూపెట్టు.
ఆ కాయితం మాత్రం చింపకు.’