పూత

గూడూరు నిమ్మకాయల యార్డులో
కాటా దగ్గర నిలబడి కేకేసే మనిషిని.
బస్తాకొక కేక.
పదకొండేళ్ళుగా నా నోరే నా కూలి.

మాఘమాసంలో ఒక పొద్దున
"నలభై ఎనిమిది" అనబోయి
నలభై దగ్గరే ఆగిపోయినా.
నాలుక అంచున
మెతుకంత తెల్లటి చుక్క,
చుట్టూ ఎర్రగా గీత.
లెక్క తప్పిన చోట
గుమస్తా సున్నా చుట్టినట్టు.

"నోరు పూసిందా అన్నా?" అనింది రవణమ్మ,
కాయలేరే చేతులు ఆపకుండానే.

పూత!
తోటకి రాకపోతే అప్పుకి పోతాం,
వచ్చి రాలిపోతే ఏడుస్తాం.
నా నోటికొచ్చింది మాత్రం
రాలిపోతే చాలని
పెంచలకోన దిక్కు తిరిగి మొక్కుకున్నా.

నిమ్మరసం పిండుకో, కాలి చస్తుందన్నాడు
లారీ క్లీనరు.
చుట్టూ ఉండేవి నిమ్మకాయలే గదా,
పిండుకున్నా.
పుండు మీద కారమనే మాట
ఊరికే పుట్టలేదు.

కడుపుదింకో గొడవ.
రాత్రి ఒంటిగంటకి ఢిల్లీ లోడు కదిలాక పడుకుంటే
పుల్లటి తేపు గొంతు దాకా వచ్చి
నేనూ ఉన్నానంటాది.

ఏరియా ఆసుపత్రిలో డాక్టరమ్మ
నోట్లో టార్చి వేసి చూసి
"నిన్న తిన్నదంతా చెప్పు
నీ కాటా మీద పెట్టినట్టు" అనింది.
అలవాటైన పనే. కేకేసినా.
టీలు, ఏడు!
కారందోసెలు, మూడు! రాత్రి పదకొండుకి!
గుట్కా...
అక్కడ గొంతు తగ్గింది.
నీళ్ళు?
ఆ బస్తా తూకానికే రాలేదు.

మాత్రలు రాసిచ్చి, గుట్కా ఈ పూటే మానెయ్యమని
"మూడు వారాల్లో మానకపోతే
నెల్లూరు పెద్దాసుపత్రికి పో, నాన్చబాక" అనింది.
మా మేనమామ చెంచురామయ్య బుగ్గ గుర్తొచ్చింది.
ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోయినా వెంగమ్మ
ఎండుమిరపకాయల డబ్బా అటక మీద పెట్టేసింది.
రాత్రే అన్నంలో పాలుపోసి తోడేసి
పొద్దున చద్ది ముందర పెట్టింది.
దొడ్డి గోడ పక్క కామంచాకు కోసి పెసరపప్పులో వేసింది.
సొరకాయ, మళ్ళీ సొరకాయ,
బుధవారం కూడా సొరకాయ.
తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు.
పుక్కిలిస్తా ఉంటే మా చిన్నోడు పక్కన చేరి
మోటరు ఇంజను మాదిరి సౌండు చేసేవాడు.

రాత్రి ఎనిమిదికల్లా తినాలంట.
లోడెత్తేటప్పుడు క్యారియరు విప్పితే
మేస్త్రి కోటేశ్వరరావు నవ్వినాడు.
బస్తా మీద కూర్చుని నమిలినా.
ముద్దకి ముప్పైసార్లు నమలమనింది.
పదకొండేళ్ళు లెక్కబెట్టిన నోరు,
ముప్పై దానికొక లెక్కా?
పద్నాలుగు దగ్గర మింగేసేవాణ్ణి.

పన్నెండో రోజు రాత్రి
కాలేషా పెనం మీద
ఎర్రకారం వాసన లేచింది.
సగం దోసె.
సగమే.
తెల్లారిందాకా గోడకి వీపానించి
కూర్చునే ఉన్నా.
వెంగమ్మ ఒక్క మాట అనలేదు,
మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి
అటు తిరిగి పడుకుంది.
తిట్టినా బాగుండేది.

కాలేషాకి కోపమొచ్చింది.
నా ఖాతా పేజీ తిప్పి చూపించి
"ఇదేంది భాయ్, శ్రావణంలో చికెన్ కొట్టులాగుంది" అన్నాడు.
రోజుకి రెండు టీలని ఒప్పందం చేసుకున్నాం,
అదీ ఇడ్లీ తిన్నాకే.

పంతొమ్మిదో రోజు
నాలుకతో వెతికినా.
కింద, పక్కన, దంతం వెనక.
తెలిసిన వీధిలో తెలిసిన ఇల్లు
కూల్చేసినట్టు నున్నగా ఉండాది.
నమ్మకం చాలక
బస్తాలోంచి ఒక పండుకాయ తీసి
కొరికినా.

పులుపు.
పులుపొక్కటే.
మంట లేదు, కన్నీళ్ళు లేవు,
మామూలు పులుపు.
ఇంత రుచిదాన్నా
ఇన్నేళ్ళూ బరువుగా పిలిచింది!

మళ్ళీ రాదని కాదు.
ఎండాకాలం లోడ్లు ముందరున్నాయి,
నా నిద్ర సంగతి నాకు తెలుసు.
కాటా మీద ముల్లు ఊగతా ఉంది.
రవణమ్మ ఇటే చూస్తా ఉంది.

"నలభై
ఎనిమిదీ!"