గుజ్జు ఫ్యాక్టరీలో నంబర్ వన్

గుడిపాల దాటినాక కుడిపక్క రేకుల షెడ్డు.
రాత్రి షిఫ్టుకు పద్దెనిమిది మందిమి,
బెల్టుకు ఈపక్క తొమ్మిది, ఆపక్క తొమ్మిది.
బెంగళూరా కాయ వస్తానే ఉంటాది,
తొడిమ కోసేది, మచ్చ చెక్కేది, తోసేది.
గోడకు మేకు, మేకుకు సంచి,
సంచిలో సూపర్‌వైజరు దొరస్వామి ఫోను,
దానికి తగిలించిన డబ్బా స్పీకరు.

ఈ వారం నంబర్ వన్నంట ఆ పాట.
పది కోట్ల సార్లు మోగిందంట.
దొరస్వామి చెప్తా ఉంటే
వాళ్ల చిన్నాయన కొడుకు కలెక్టరైనట్టు ఉండాది.

నన్నడిగితే చెప్తా.
మాట మొదలయ్యే లోపలే డప్పు వచ్చి మీద పడతాది,
పెండ్లి పంక్తిలో అన్నం పెట్టకముందే
ఆకులో రసం పోసినట్టు.
రెండో చరణం ఉండాదో లేదో ఎవురికీ తెలీదు.
ఉన్నా, మా ఊరికి సాయంత్రం బస్సు ఉన్నట్టే,
బోర్డు మీద.

హంసవేణికి మాత్రం ప్రాణం.
"అక్కా, మజ్జలో ఒక్క సెకను ఆగుతాది చూడు,
ఆగి మళ్లీ కొడతాది చూడు,
ఆ సెకను కోసరమే వింటా నేను" అనింది.
విన్నా. నిజమే, ఆగుతాది.
ఆ సందులో బాయిలరు బుస,
గేటు బయట మూడు దినాలుగా
ట్రాక్టర్ల కింద పండుకున్న రైతుల దగ్గు
లోపలికి వచ్చి పోతాయి.
పాట మంచిది కాదు. ఆ సందు మంచిది.

షంషాద్‌ బీ లెక్క వేరే.
పాట కంటే కత్తి ముందు పోతే చెడ్డ పాట.
రెండూ కలిసి పోతే మంచి పాట.
పాట ముందు పోతే వేలు తెగతాది.
ఆమె ఎడమ బొటనవేలి మీద
పోయినేడు నంబర్ వన్ మచ్చ ఇంకా ఉండాది.

సెల్విది బార్డరుకు ఆపక్క ఊరు.
"ఈ ట్యూను అరవంలో ఆర్నెల్ల ముందరే విన్నా,
మీకు ఇప్పుడు మాగిందా?" అని నవ్వతాది.
గుజ్జు ఒకటే, టిన్ను మీద అంటించే కాగితం వేరే.

ఒంటిగంట. పదిహేడోసారి అదే.
మార్చు సామీ అందామంటే
దొరస్వామి తూకం కాడ ఉండాడు.
మేమే మార్చాలంటే ఫోను తాకాలి.
మా చేతులు చూస్తిరి గదా,
మోచేతి దాకా పచ్చటి గుజ్జు.
వేలు పెడితే జారిపోతాది,
ఆ అద్దం మమ్మల్ని మనుషులని గుర్తుపట్టదు.
ఒకసారి రెడ్డెమ్మ ముక్కుతో నొక్కింది.
సౌండు పెరిగింది.

అప్పుడు తట్టింది నాకు.
ఆ పది కోట్లలో మావీ ఉండాయి.
రాత్రికి నలభై, నెలన్నర సీజను,
పద్దెనిమిది నూర్లు.
ఇష్టపడి కాదు, చేతులు ఖాళీ లేక.
ఇట్టాంటి షెడ్లు ఇంకెన్ని ఉండాయో,
పరోటా పిండి చేతులు, గ్రీసు చేతులు, పేడ చేతులు,
అప్పుడే కునుకు పట్టిన చంటిదాన్ని ఎత్తుకున్న చేతులు.
మార్చలేక విన్నవన్నీ ఎవురో కూడి,
మెట్లు కట్టి, పైమెట్టు మీద పెట్టి,
జనం మెచ్చినారు అంటా ఉండారు.

జనం మెచ్చలేదు నాయనా.
జనం పనిలో ఉండారు.

ఆడి కృత్తికకు ముందే షెడ్డు మూసినారు.
నిన్న చిత్తూరు బస్టాండులో
ఒక పిలగాడి ఫోనులో కొత్తదేదో మోగతా ఉంటే
పాతదేమాయరా అని అడిగినా.
"అదా? యాభైలో కూడా లేదత్తా" అన్నాడు,
జరం తగ్గినోడు చెప్పినట్టు.

నాకెందుకు కోపం రావల్ల?
వచ్చింది.
నెలన్నర తిట్టింది నేను,
అనే హక్కుంటే నాకుండాల, వాడికేమి?

బస్సు కదిలింది.
కిటికీ కమ్మీ మీద నా వేలు
దానంతటది ఆ డప్పే కొడతా ఉండాది.
కండక్టరు రెండుసార్లు టికెట్టు అడిగినాడంట,
నాకు వినపడలేదు.
ఆ ఒక్క సెకను కాడ ఉండా నేను.