రెండు నిమిషాల బాకీ

మొదటి నెల ఫుకట్ అని
మా మేనకోడలు వైశాలి ఫోన్‌ల మూడు యాప్‌లు ఎక్కిచ్చింది.
"మామా, ఏది మంచిగున్నదో నువ్వే చెప్పు,
పైసలు కట్టేది ఒక్కదానికే."

నన్నడుగుడు న్యాయమే.
సిరొంచ బస్టాండు ఎనుక, బియ్యం మిల్లు సందుల
పద్దెనిమిదేండ్లు క్యాసెట్లు నింపినోణ్ణి.
ఇప్పుడు అదే బల్ల మీద మిక్సీలు బాగుచేస్త.
డబుల్ డెక్కు కూసున్న జాగల
నాలుగు స్క్రూ గుంతలు ఇంకా పూడలే.

మొదటి యాప్ గొంతు శుభ్రం.
తబలా మీద వేలు జారిన సప్పుడు సుత ఇనవడ్తది.
కానీ రెండు పాటలకోసారి
ఎవడో అప్పు ఇస్తనని అరుస్తడు,
తలంబ్రాలు పోస్తుంటే నడిమిట్ల జొరబడి
చీటీ పైసలడిగినట్టు.

రెండోది నేనేడున్ననో కనిపెట్టింది.
మహారాష్ట్ర అన్నది. నిజమే, కాదనలే.
"మీ రాష్ట్రంల అందరు ఇంటున్నవి" అని యాభై పాటలు పరిసింది.
అందరంటే ఎవరు?
వెయ్యి కిలోమీటర్ల అవతల లోకల్ బండ్లల్ల నిలవడ్డోళ్లు.
లావణి నాకూ ఇష్టమే,
ఢోల్కీ మొదలైతే చేతిల స్క్రూడ్రైవర్ దానంతటదే ఆడుతది.
కానీ గోదారి వంతెన సగం దాటంగనే
పాట ఆగి, చక్రం తిరిగి, తిరిగి,
కాళేశ్వరం ఒడ్డున మళ్ల దొరుకుతది.
మేమూ గట్లనే గద,
బోర్డు మరాఠీ, బూతు తెలుగు.

మూడోది శానా తెలివికల్లది.
ఒక్క పాట అడిగితే పది తెస్తది.
పెండ్లి పాట ఎనుకనే చావు పాట పెడ్తది.
నేనెన్నడు పెట్టలే.
తునికాకు పైసలొచ్చిన నెలల
అంకీస నుంచి, ఆసరెల్లి నుంచి
బీడీకట్ట కాయితం మీద లిస్టు రాసుకొస్తే
ఆ రాత సూస్తేనే తెలిసేది,
ఎవనికి కుదిరిందో, ఎవనికి తప్పిపోయిందో.
తప్పిపోయినోనికి నడిమిట్ల ఒక్క నవ్వులాట పాట
అడగకుంటనే ఇరికిచ్చేది.
దానికి పైసలు తీసుకోలే.

సప్పుడుకు ఇన్ని, ఎతికితే దొరికేదానికి ఇన్ని అని
సైకిల్ షాపోని క్యాలెండర్ ఎనుక మార్కులేస్తున్న.
అప్పుడొచ్చింది లస్మక్క,
కాలిన మిక్సీ సంకల పెట్టుకొని.
"గప్పుడు నీతోని నింపిచ్చుకున్న పడవోని పాట
ఉన్నదా అండ్ల?"

మూడిట్లనూ ఉన్నది.
శుభ్రమైన గొంతుదాంట్ల పెట్టిన.
నిలవడే ఇంటున్నది, పెదాలు కదుల్తున్నయి.
పడవోడు అలిగిండు, తాడు ఇప్పిండు,
మొదటి చరణం ఒడిసింది.
రెండో చరణం రెండో లైనుకాడ
ఆమె పెదాలు ఆగినయి.
పాట ఆగలే.
లస్మక్క నా దిక్కు సూసింది,
మిగిలింది నేనేదో అతికిచ్చినట్టు.

యాదికొచ్చింది.
అరవై నిమిషాల టేపు, బి సైడు, ఆఖరి పాట.
సరిపోదని నాకు తెలుసు.
ఇరవై రూపాయలు తీసుకున్న, ఆమెకు ఎరుకజెయ్యలే.
ముప్పై ఏండ్లు ఆమె ఆ పాటను
గాడనే తుంపి పాడుకున్నది,
మిరపచేన్ల, పొయ్యికాడ, మనవరాలి ఉయ్యాలకాడ.
ఆ పిల్ల సుత గాడనే తుంపుతదట.

"అంటే, పడవోడు మళ్లొస్తడా?"
"వస్తడు, అక్కా."
"నేను రాడనుకున్న గదా."

ఇంకోసారి పెట్టుమనలే.
మిక్సీ బల్ల మీద పెట్టింది, మూత మర్సిపోయింది,
మూత కోసం మళ్లొచ్చి
తీసుకోకుంటనే పోయింది.

రాత్రి వైశాలి అడిగింది, ఏదని.
నెలకు ఇంకా నాలుగు రోజులున్నయన్న.
మంచం కింది రేకుపెట్టెల
గీతల రిజిస్టరు ఒకటుండాలె,
పేర్లు, ఊర్లు, పాటల వరుస.
ఎలుకలు కొట్టకుంటే
బి సైడు ఆఖరి పాటలు
ఎన్నున్నయో లెక్క తియ్యాలె.